గరికమ్మ జాడీ, పెద్దల పసుపునీళ్ళు

ఒక పెద్ద అడవిలో, అడవిని రెండు ముక్కలు చేస్తూ ఒక తారురోడ్డు పోయేది. రోడ్డు పొడవునా స్తంభాలకు పసుప్పచ్చని సోడియం దీపాలుండేవి. ఒకనాడు మనుషులకు ఆ పసుపు మొహం మొత్తింది. తెల్లదీపాలు బిగించుకుని, పాతవాటిని అట్టపెట్టెల్లో పెట్టి మైలురాయి పక్కన గుంటలో పడేసి చక్కా పోయారు.

పారేసిన సరుకు మీద పెద్దల కన్ను పడడానికి ఎంతసేపు? ఆ అడవి పాలకమండలికి అధ్యక్షుడు ఏనుగు దంతేశ్వరరావుగారు. కార్యదర్శి నక్క జంబూకరావు. గుంట చూసిన సాయంత్రానికే జంబూకరావు ఒక పథకం అల్లేశాడు. దాని పేరు 'ఇంటింటికీ బంగారు వెలుగు'. మనుషుల చెత్త పంచుతున్నాం అంటే బాగుండదు కనుక, అది అధ్యక్షులవారి కానుక అయింది. రోడ్డు తీగకు కొక్కెం వేసి కరెంటు లాగే పని కోతులకు అప్పగించారు. ఆ విద్య కోతులకు ఎవరూ నేర్పనక్కర్లేదు.

దీపాలు పంచే ముందురోజు ముళ్ళపంది సూరయ్య కార్యాలయానికి వచ్చాడు. సూరయ్య ఒకప్పుడు పదేళ్ళపాటు రోడ్డువాళ్ళ దీపాల గోదాము నేల కింద కాపురమున్నవాడు. పగిలిన దీపాన్ని వాళ్ళు ఎలా ఎత్తుతారో కళ్ళారా చూసినవాడు.

"అయ్యా, దీపంతోపాటు ఇచ్చే ఆకు మీద నాలుగు మాటలు రాయించండి. దీంట్లో సోడియం ఉంటుంది. లోహమే గానీ తడి తగిలితే భగ్గుమంటుంది. కొన్నిట్లో పాదరసం కూడా ఉంటుంది, దాని ఆవిరి పిల్లలకు మంచిది కాదు. పగిలితే ఏం చెయ్యాలో జనానికి తెలియాలి కదా" అన్నాడు.

జంబూకరావు మొహం చిట్లించాడు. "శుభమా అని దీపాలు పంచుతుంటే పగులుడు మాటేమిటయ్యా? నోటి దురద కాకపోతే! అయినా ఆకు మీద చోటు లేదు."

"ఒక పక్క అధ్యక్షులవారి బొమ్మ ఉంది. రెండో పక్క ఖాళీయే కదా?"

"రెండో పక్క వారి చెవులు వస్తాయి. ఒక పక్కన పట్టలేదు."

ఇలాంటి జవాబు విన్నాక ఎవరికైనా ఒళ్ళు మండుతుంది. సూరయ్య ముళ్ళు నిక్కబొడుచుకున్నాయి. కానీ అవతల ఉన్నది కార్యదర్శి. ముళ్ళు ముడుచుకుని ఇంటికి పోయాడు.

నెల తిరిగింది. చీపురుపొదల పక్కన బొరియలో కుందేలు గరికమ్మ ఉండేది. మొగుడు మొన్నీమధ్యే రోడ్డు దాటుతూ లారీ కింద పడ్డాడు. ముగ్గురు పిల్లలు, ముగ్గురూ పాలు మరవనివాళ్ళు. ఒక పొద్దున పిల్లలు గెంతుతూ గోడకున్న దీపాన్ని తన్నారు. అది నేల మీద పడి పెళ్ళున పగిలింది.

ఆ అడవిలో ఒక ఆచారం ఉంది. ఇంట్లో కుండ పగిలినా, గాజు పగిలినా ముందు పసుపునీళ్ళు చల్లాలి, ఆ తరవాత చీపురు పట్టాలి. ఎందుకని ఎవరూ అడిగిన పాపాన పోలేదు. గరికమ్మ కూడా అడగలేదు. చెంబులో పసుపు కలిపి చెయ్యెత్తింది.

దారిన పోతున్న సూరయ్య ఆ చప్పుడు విని పరుగెత్తుకొచ్చాడు. "అమ్మాయ్! చెంబు దించు! దాని మీద తడి పడకూడదు!"

"గాజు పగిలింది బాబాయ్! చల్లకపోతే దోషం కాదూ?"

"దోషం సంగతి తరవాత చూద్దాం. ముందు పిల్లల్ని బయటికి తీసుకురా. రెండో ద్వారం కూడా తెరిచిపెట్టు. గాలి ఆడనీ." అంటూనే చెట్టు మీది కోతిని కేకేసి కొక్కెం తీయించాడు.

చాలాసేపు ఎవరినీ లోపలికి పోనివ్వలేదు. తరవాత గరికమ్మ చీపురు అందుకోబోతే మళ్ళీ అడ్డం పడ్డాడు.

"చీపురు వద్దే తల్లీ! ఊడిస్తే పొడి మూలమూలలకీ పోతుంది. పాదరసం గానీ ఉంటే చీపురుకి అంటుకుని ఇల్లంతా తిరుగుతుంది."

ఆమె చేతులకు ఎండిన మోదుగాకులు మందంగా చుట్టించాడు. దీపం వచ్చిన అట్టపెట్టెను చింపించి, ఒక అట్టతో ఇంకో అట్ట మీదికి పెంకుల్ని తోయించాడు. పెట్టెకున్న బంకటేపు ఊడదీయించి, మిగిలిన సన్నపొడిని దానితో అద్దించాడు. ఎండబెట్టిన ఊరగాయ జాడీ ఒకటి ఉంటే అన్నీ అందులోకే పోయాయి. పెంకులు, అట్టలు, టేపు, ఆఖరికి చేతులకు చుట్టిన ఆకులు కూడా. మూత బిగించి తాడుతో కట్టారు.

"దీన్ని చెత్తకుప్పలో వెయ్యకు. మంటలో వెయ్యకు. వాగులో అసలే వెయ్యకు. ప్రతి శుక్రవారం మైలురాయి దగ్గరికి గోదాము బండి వస్తుంది. పగిలిన దీపాలు వాళ్ళే పట్టుకుపోతారు. అందాకా పిల్లలకు అందకుండా, వాన తగలకుండా ఆ బండ కింద పెట్టు."

గరికమ్మ నీళ్ళకుండలో చెయ్యి పెట్టబోయి ఆగింది. "చేతులు కడుక్కోవచ్చా బాబాయ్?"

"దులుపుకుని శుభ్రంగా కడుక్కో. పగిలిన దీపం మీద కదే నీళ్ళు వద్దన్నది" అని నవ్వాడు సూరయ్య.

పని అక్కడితో అయిపోవాలి. ఇంగితమున్న చోట అయిపోయేదే. కానీ వాగు ఒడ్డున ఒంటికాలి మీద జపం చేసుకునే కొంగ బకశాస్త్రి చెవిన ఈ సంగతి పడింది. జపంలో ఉన్నవాళ్ళకి ఊళ్ళో మాటలన్నీ వినబడతాయి. గాజు పగిలిన ఇంట్లో పసుపునీళ్ళు చల్లలేదట! చల్లిన ప్రతి ఇంటా ఆయనకో చేప ముడుతుంది. ఆ సంగతి పైకి చెప్పకుండా, అడవికి అరిష్టమని కార్యాలయానికి కబురు పెట్టాడు.

మధ్యాహ్నానికల్లా జంబూకరావు దిగాడు. బొరియ రెండు ద్వారాలకూ కంప కొట్టించి, లక్కముద్ర వేసి, ఒక ఆకు అంటించాడు. 'సంప్రోక్షణ జరగని ఇల్లు. ప్రవేశం లేదు.' ఆ సంగతి దస్త్రంలో కూడా ఎక్కించాడు.

"నా పిల్లల్ని ఎక్కడ పెట్టుకోనయ్యా? పైన గద్ద తిరుగుతోంది" అంది గరికమ్మ ఏడుస్తూ.

"గద్ద మా పరిధిలోకి రాదమ్మా. ఆకాశం వేరే శాఖ" అన్నాడు జంబూకరావు, తోక దులుపుకుంటూ.

పాలు తాగే పిల్లల్ని ఆరుబయట నిలబెట్టి శాఖల లెక్క చెప్పిన ఆ నక్కను ఏ శాఖ కింద జమకట్టాలో నాకు ఇప్పటికీ తేలలేదు. గరికమ్మ పిల్లల్ని పొదలోకి చేర్చుకుంది. సూరయ్య ముళ్ళు విప్పుకుని వాళ్ళ పక్కనే కాపలా కూర్చున్నాడు. అయినా రెండో రోజు గద్ద దిగనే దిగింది. కడగొట్టుదాని చెవి చీల్చి పోయింది.

అదే రోజు మండలి కొలువు తీరింది. అప్పటికి తేలిందేమిటంటే, అడవిలో సగం ఇళ్ళలో దీపాలు పగిలాయి. చల్లితే చేప ఇచ్చుకోవాలి, చల్లకపోతే ముద్ర వేస్తారు. ఆ భయంతో ఎవరికి వారు పెంకుల్ని మంచాల కింద, చెట్టు తొర్రల్లో దాచుకున్నారు.

జంబూకరావు లేచాడు. "ఇంటింటికీ వెళ్ళి ఎన్నాళ్ళు చల్లుతాం? పగిలినవన్నీ ఒకచోట గుట్ట పోయిద్దాం. అధ్యక్షులవారు తమ తొండంతో ఒక్కసారే చల్లుతారు. సామూహిక సంప్రోక్షణ మహోత్సవం!"

దంతేశ్వరరావుగారు సంతోషించారు. "నా తొండంలో ఎన్ని నీళ్ళు పడతాయంటావు?"

"రెండు బిందెలు, అయ్యగారూ."

"మూడు" అన్నారు అధ్యక్షులవారు నొచ్చుకుని. మూడు అని దస్త్రంలో రాసుకున్నారు.

సూరయ్య ముందుకొచ్చాడు. "అయ్యా, ఒక దీపం మీద పడితే చిటపటమని ఊరుకుంటుందేమో. గుట్ట మీద పడితే ఊరుకోదు. మీ కాళ్ళు పట్టుకుంటాను, వద్దు."

"నువ్వు ఏ బడిలో చదివావోయ్?" అన్నాడు బకశాస్త్రి.

"బడి లేదు. గోదాము నేల కింద పదేళ్ళున్నాను."

"నేల కింద ఉన్నవాడివి, పైసంగతులు నీకేం తెలుస్తాయి?"

సభ ఘొల్లున నవ్వింది. చెప్పేదేదో రాసిమ్మన్నాడు జంబూకరావు. సూరయ్య పాపం, రాత్రంతా కూర్చుని ఒక బెరడు మీద అన్నీ వివరంగా రాసిచ్చాడు. మర్నాడు ఆ బెరడు మీదే పసుపు నూరారు.

గరికమ్మకు విడిగా కబురొచ్చింది. 'గురువారం నీ జాడీ తెచ్చి గుట్టలో పొయ్యి. నీళ్ళు పడగానే నీ తలుపు తీస్తాం.'

గురువారం కార్యాలయం ముందు తాటాకు పందిరి వేశారు. నేల మీద ఎండుగడ్డి పరిచి, దాని మీద పగిలిన దీపాలు గుట్టగా పోయించారు. గుట్టకు బంతిపూల దండ వేశారు. అడవి అంతా పిల్లాపాపలతో వచ్చి వరసలో నిలబడింది. గరికమ్మ వంతు వచ్చింది.

"ఊఁ, పొయ్యి" అన్నాడు జంబూకరావు.

గరికమ్మ జాడీ వైపు చూసింది. కడగొట్టుదాని చెవి వైపు చూసింది. గట్టు కింద వాగు ఒడ్డున ఎండిన ఇసకలో నిలబడి సూరయ్య రెండు చేతులూ ఊపుతున్నాడు.

"పొయ్యను" అంది.

"ఇల్లు అక్కర్లేదా?"

"కావాలయ్యా. పిల్లలు మిగిలితేనే కావాలి."

"అయితే ఆ పొదలోనే పడి ఉండు, గద్ద చూసుకుంటుంది!" అని గుడ్లురిమాడు జంబూకరావు. గరికమ్మ జాడీని గుండెకు హత్తుకుని, పిల్లల్ని ముందు నడిపించుకుంటూ వాగు వైపు పోయింది. వెనకనుంచి ఈలలు వేశారు. కానీ నలుగురైదుగురు తల్లులకు మాత్రం ఎందుకో కాళ్ళు ఆగలేదు. తమ పిల్లల్ని కూడా లాక్కుని ఆమె వెంట నడిచారు.

బకశాస్త్రి మంత్రం అందుకున్నాడు. దంతేశ్వరరావుగారు గంగాళంలోంచి మూడు బిందెల పసుపునీళ్ళు పీల్చి, తొండమెత్తి, అందరూ చూసేదాకా ఆగి, గుట్ట మీద పోశారు.

ముందు సుయ్యిమంది. తరవాత టపటపమని పేలింది. పసుప్పచ్చని మంట లేచి బంతిపూల దండను, ఎండుగడ్డిని, పందిరిని అంటుకుంది. గుట్ట మీంచి ఎగిరొచ్చిన నీళ్ళు తొండం మీద పడితే అధ్యక్షులవారు ఘీంకరించారు. సున్నం పడ్డట్టు తోలు పొక్కింది.

"దోషం గట్టిది! ఇంకా చల్లండి!" అని అరిచాడు బకశాస్త్రి.

తెలివి ఉన్నవాడెవడైనా చల్లుతాడా? అధ్యక్షులవారు చల్లారు. గంగాళం మొత్తం గుమ్మరించారు. ఈసారి మంట కార్యాలయం కప్పు అందుకుంది. బకశాస్త్రి తోక ఈకలు మాడాయి. జంబూకరావు తోకకు నిప్పంటుకుని, ఆయన అడవిని వదిలి ముందు తన తోకను కాపాడుకోవడానికి పరుగెత్తాడు. ఒక్కరికీ తమ వెనక జనం ఉన్నారన్న ధ్యాస లేదు.

"నీళ్ళు కాదు! ఇసక! పొడి ఇసక!" అని అరుస్తూ గట్టెక్కాడు సూరయ్య. గరికమ్మ జాడీని బండ చాటున దాచి, పిల్లల్ని ఒక లేడికి అప్పగించి, గుట్టకు వీపు తిప్పి వెనక్కాళ్ళతో ఇసక చిమ్మడం మొదలెట్టింది. తల్లులంతా చిమ్మారు. ఈలలు వేసినవాళ్ళు కూడా చిమ్మారు. మంట అణిగేసరికి మధ్యాహ్నమైంది. పిల్లలకు దగ్గు పట్టింది గానీ, ప్రాణాలు దక్కాయి.

సూరయ్య ఏనుగు దగ్గరికి పోయాడు. "అయ్యా, ఇప్పుడు తొండానికి బోలెడు నీళ్ళు పొయ్యాలి. ఆగకుండా కడగండి."

"నీళ్ళా? బాబోయ్, వద్దు!" అని దంతేశ్వరరావుగారు చెట్టు చాటుకు పోయారు. నలుగురు దున్నలు పట్టుకుని బలవంతాన కడగాల్సి వచ్చింది.

మర్నాడు విచారణ సంఘం కూర్చుంది. అధ్యక్షుడు దంతేశ్వరరావుగారు, సభ్యులు జంబూకరావు, బకశాస్త్రి. పొద్దున మొదలై గంటలో తేల్చేశారు. ఒక జాడీ గుట్టలో పడకపోవడం వల్ల సంప్రోక్షణ కొరతపడి అగ్ని పుట్టినదని, పవిత్ర కార్యం మీద మట్టి పోసిన ముళ్ళపంది సూరయ్య సంజాయిషీ ఇవ్వాలని, ఇకమీదట అడవిలో దీపాలు పగలడం నిషేధమని రాశారు.

ఆ సంతకాలు ఆరకముందే గరికమ్మ వచ్చింది. "నా తలుపు తీయించండి."

"కుదరదు. నీ దస్త్రం మంటల్లో కాలిపోయింది. దస్త్రం లేకుండా ముద్ర తీసే అధికారం నాకు లేదు" అన్నాడు జంబూకరావు, బోసితోక కిందికి దాచుకుంటూ.

"దస్త్రం లేదా? అయితే నా ఇంటికి ముద్ర వేసినట్టు రుజువేదయ్యా?"

జంబూకరావు దస్త్రాల బూడిద కెలకడం మొదలెట్టాడు. ఆయన తలెత్తేసరికి గరికమ్మ చీపురుపొదల దగ్గర ఉంది. లక్కముద్రను పళ్ళతో కొరికి ఉమ్మేసింది. కంప లాగేసింది. ముందు చెవి చిరిగినదాన్ని, తరవాత మిగిలిన ఇద్దరినీ లోపలికి తోసి, తానూ దూరింది.

ఆ రోజు శుక్రవారం. గోదాము బండి వచ్చేసరికి మైలురాయి దగ్గర మూత బిగించిన జాడీ ఒకటి పొడిగా కూర్చుని ఉంది. బండివాడు తాడుముడి చూసి మెచ్చుకుని, దాన్ని పదిలంగా ఎక్కించుకుని పోయాడు. పై శుక్రవారం అక్కడ పదకొండు జాడీలున్నాయి. మండలికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

ఇక నీతి అంటారా: పగిలిన దీపానికి ఒక పొడి జాడీ చాలు, దాన్ని శుద్ధి చేస్తామని వచ్చే పెద్దలకు మాత్రం బండెడు ఇసక సిద్ధంగా ఉంచుకోవాలి.