ఆఖరి ముక్క, ఆఖరి గడి

ప్రజాస్వామ్యం ప్రపంచానికి ఎన్నో వరాలిచ్చింది. ఏడాదిలో సగం మంచులో మునిగుండే మా రాష్ట్రానికి ఆడిటర్ ఎన్నిక ఇచ్చింది. ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే పెద్దమనిషిని నాలుగేళ్లకోసారి మేమే ఓటేసి ఎన్నుకుంటాం. (ఆ పెద్దమనిషి పేరు ఎవరైనా టక్కున చెప్పారంటే వాళ్లు బంధువులన్నమాట.)

ఈసారి ఇద్దరు నిలబడ్డారు. ఆర్డిస్ హాగెన్ ఆ ఆఫీసులోనే ఇరవై ఆరేళ్లుగా గుమాస్తా. సరస్సు పొంగి ఏనాడో మునిగిపోయిన రోడ్డు మీద పదకొండేళ్లుగా మంచు తీస్తున్నట్టు బిల్లులు వస్తున్నాయని కనిపెట్టింది ఆవిడే. ఆవిడ రాసిచ్చిన నివేదికను పైవాళ్లు చదవకుండా కాఫీ కెటిల్ కింద వేసుకున్నారు. ఆడిటర్ అయ్యి దాన్ని బయటికి లాగాలని ఆవిడ పంతం.

రెండో అభ్యర్థి డెల్మర్ క్రుల్ చేపల ఎరలు అమ్ముకునే మంచి మనిషి. చేపలు పట్టే లైసెన్సుకి వెళ్తే కౌంటర్లో పొరపాటున నామినేషన్ ఫారం ఇచ్చారు. తిరిగిచ్చేస్తే బాగుండదని నింపేశాడు.

ఇద్దరూ చర్చి కింది గదిలో, కాఫీ బల్ల దగ్గర ఎదురుపడ్డారు.

"ఆర్డిస్ గారూ, ఈ పని మీకే తెలుసు. నాకు ఎక్కాలు కూడా సరిగ్గా రావు" అన్నాడు డెల్మర్.

"అయ్యో, అలా అనకండి. మీకేం తక్కువ?" అంది ఆర్డిస్, లోలోపల పళ్లు కొరుక్కుంటూ.

బల్ల మీద పళ్లెంలో ఒకే ఒక్క కేకు ముక్క మిగిలి ఉంది. మా వాళ్లలో ఆఖరి ముక్క తీసుకోవడం మహాపరాధం. ఒకరు సగం కోసుకుంటారు, తర్వాతివారు ఆ సగంలో సగం. చీమ తలకాయంత మిగిలినా దాన్ని మాత్రం ఎవరూ ముట్టరు.

బ్యాలెట్ వెనకవైపు అట్టడుగున ఉంది ఆడిటర్ గడి. ఇరవై మూడు లక్షల మంది అక్కడిదాకా వచ్చి ఆగిపోయారు. ఆఖరిది కదా, ఇంకెవరికైనా ఉంచుదామని.

పోలైన ఓట్లు ఒకటి. అది డెల్మర్‌కి పడింది. తేడా ఇంత స్వల్పంగా ఉంటే మళ్లీ లెక్కించాలన్నది నిబంధన. ముగ్గురు సభ్యుల సంఘం మూడు రోజులు లెక్కించింది. (రెండో రోజు కొంత అభిప్రాయభేదం వచ్చిందట.) చివరికి ఒకటేనని తేలింది.

"నేను వేసుకోలేదు మొర్రో! కాగితానికి వెనకవైపు కూడా ఉందని ఎవరు చెప్పారు నాకు?" అన్నాడు డెల్మర్.

ఆర్డిస్ ఇంటికెళ్లి మొగుణ్ణి నిలదీసింది.

"క్లిఫర్డ్, నువ్వైనా వెయ్యలేదా నాకు?"

"సొంత పెళ్లానికే వేసుకున్నాడని నలుగురూ నవ్వరూ? అయినా నీ ఓటు నీకుందిగా!"

ఆర్డిస్ నేల చూపులు చూసింది.

"ఓసి నీ దుంపతెగ! ఆ ఒక్కటీ నీదేనా?"

"మన పేరుకి మనమే వేసుకుంటే ఏం బాగుంటుంది చెప్పు!"

అంది గానీ ఆవిడకి ఒళ్లు మండిపోయింది. మా దగ్గర ఒళ్లు మండినవాళ్లు కడిగిన గిన్నెలే మళ్లీ కడుగుతారు. ఆవిడ మూడుసార్లు కడిగింది. ఆ గడి నేనూ ఖాళీగానే వదిలాను. సిగ్గేసి, కిరాణా కొట్లో ఆవిడ కనబడగానే సబ్బుల వరస చాటుకి తప్పుకున్నాను.

డెల్మర్ గారు పదవిలోకి వచ్చిన రోజునే ఆర్డిస్ కెటిల్ ఎత్తి, కింది నివేదిక తీసి ఆయన ముందు పెట్టింది.

"తొందరేం లేదండీ, తీరిక దొరికినప్పుడే చూడండి" అంది.

ఆయన నిజాయితీపరుడు. తీరిక దొరకగానే స్వయంగా వెళ్లి చూసి, మొత్తం బిల్లులకు ఆమోద సంతకం పెట్టారు. పైన తన చేత్తో ఇలా రాశారు: "జూలైలో పడవ మీద వెళ్లి తనిఖీ చేశాను. రోడ్డు మీద ఎక్కడా మంచు లేదు."