ఆశ ఎత్తును బట్టి ధర

కోఠీలో పాత ఎలక్ట్రానిక్ సామాన్లు అమ్మే సందులో ఆసిలోస్కోప్ ధరను కొనేవాడి ఆశ నిర్ణయిస్తుంది. కరెంటు అలను తెర మీద గీసి చూపించే పెట్టె అది. దాని తీగ చివరనున్న ప్రోబ్‌ను కొనేవాడు రెండు వేళ్లతో పట్టుకుంటే, అతని ఆశ అలగా లేస్తుంది. ఎంత ఎత్తు లేస్తే అంత ధర. తూనికల శాఖవాళ్లు ఏటా వచ్చి ముద్ర వేసి పోతారు కాబట్టి మోసానికి తావు లేదు.

బీమా ఆఫీసు గుమాస్తా వేణుమాధవ్ బాల్కనీలో బల్ల వేసుకుని సొంతంగా ఒక ఆంప్లిఫయర్ కట్టుకున్నాడు. అది పాట కంటే ముందు గుర్రుమంటుంది. ఆ గుర్రు ఎక్కడ పుడుతోందో కళ్లారా చూడాలన్న కోరికతో అతనికి అన్నం కూడా సహించడం లేదు. పాపం, అలాంటి మనిషి ప్రోబ్ పట్టుకుంటే అల తెర దాటి పోయింది. దుకాణం యజమాని సత్తయ్య ఇంకో ఆసిలోస్కోప్ తెచ్చి, మొదటిదాని నెత్తిన పెట్టి, మిగతా అలను అందులో చూశాడు.

"గీ ధరల కొత్తది వస్తది సార్," అన్నాడు నిజాయితీగా.

"కొత్తది కొనే తాహతుంటే నీ దగ్గరికి ఎందుకొస్త?"

ఇక వేణుమాధవ్ మనందరికీ తెలిసిన విద్య ప్రయోగించాడు. వద్దులే అంటూ వెళ్లిపోతున్నట్టు నడిచాడు. సత్తయ్య ఇందుకోసమే ప్రోబ్‌కు పొడుగు తీగ పెట్టించి ఉంచాడు. వేణుమాధవ్ ప్రోబ్ వదలకుండానే సందు మలుపు దాకా వెళ్లి, మిర్చి బండి దగ్గర నిలబడి, ఏమీ పట్టనట్టు ఆకాశం చూశాడు. అడుగడుక్కీ ధర పెరిగింది.

"ఆశ తగ్గించుకొని రాండ్రి సార్. అందరు అట్లనే వస్తరు," అన్నాడు సత్తయ్య.

అమీర్‌పేటలో దానికి కోచింగ్ ఉంది. పొద్దుటి బ్యాచికి బిర్యానీ ముందు కూర్చుని ఆవిరి చూడటం, సాయంత్రం బ్యాచికి ప్రమోషన్ వార్త విని ఆవులించడం నేర్పుతారు. పాసవ్వాలని కోరుకున్నవాళ్లను మొదటి వారమే ఫెయిల్ చేస్తారు. సర్టిఫికెట్ అడిగినవాళ్లకు ఇవ్వరు, అడగనివాళ్లకు పోస్టులో పంపుతారు. వేణుమాధవ్‌కు వచ్చిన కవరు చెప్పుల స్టాండు మీదే పడి ఉండిపోయింది. కవరు చించనందుకు అతనికి డిస్టింక్షన్ ఇస్తున్నట్టు లోపల రాసి ఉంది.

మళ్లీ కోఠీ వెళ్లమని గుర్తు చేసింది అతని భార్య సుకన్యే.

"మందులు తేనీకి కోఠీ పోతున్నరు గద, ఆ డబ్బ గూడ తెచ్చుకోండ్రి."

ఈసారి ప్రోబ్ పట్టుకుంటే గీత నున్నగా, అద్దంలా పడుకుంది. సత్తయ్య కళ్లు చెమర్చాయి. పక్క దుకాణాలవాళ్లు వచ్చి చప్పట్లు కొట్టారు. మిర్చి బండివాడు సంబరంగా ఒక ప్లేటు ఊరికే ఇచ్చాడు. వేణుమాధవ్ దాని వంక చూడలేదు, దాంతో ధర ఇంకా పడిపోయింది. చివరికి పెట్టె కంటే దాన్ని ఇంటికి చేర్చిన ఆటో కిరాయే ఎక్కువైంది.

బాల్కనీ బల్ల మీద పెట్టి ఆంప్లిఫయర్‌కు తగిలిస్తే గుర్రు తెర మీద కొండల్లా కనిపించింది. ప్రోబ్‌ను అక్కడా ఇక్కడా ఆనించి చూస్తే కారణం కూడా దొరికింది. ఎర్త్ తీగ ఒకటి ఊడి ఉంది. సోల్డరింగ్ ఐరన్ చేతికందేంత దూరంలోనే ఉంది. ఎప్పుడైనా అంటిద్దాంలే అనుకుని అతను కుర్చీలో వెనక్కి వాలాడు.

సుకన్య టీ తెచ్చి, ప్రోబ్ అందుకుని వేళ్లతో పట్టుకుంది. ఆమె గీత అతనిదానికంటే నున్నగా వచ్చింది.

"నువ్వెప్పుడు పోయినవ్ కోచింగ్‌కు?"

"నాకెందుకు కోచింగు? పెండ్లిచూపులప్పుడు మా అమ్మ నేర్పింది. నచ్చినట్టు కనవడకు, నచ్చనట్టు గూడ కనవడకు అన్నది. అప్పటి సంది గంతే."

వేణుమాధవ్ పెట్టెకున్న రెండో ప్రోబ్ పట్టుకున్నాడు. ఇద్దరి గీతలూ తెర మీద ఒకదానిపై ఒకటి కూర్చుని ఒకే గీతగా కనిపించాయి. పెళ్లయిన ఇన్నేళ్లలో తామిద్దరూ ఇంత బాగా కలిసింది ఎప్పుడూ లేదని ఇద్దరూ ఒప్పుకున్నారు. పక్కన ఆంప్లిఫయర్ ఒక్కటే ఇంకా గుర్రుమంటోంది.