ఏడో మాటకు ఆధారం

2006 నవంబరు 17, శుక్రవారం. ఆ ఉదయం ఢిల్లీలోని తన క్వార్టర్లో ఉమాశంకర్ ఉప్మా చేసుకుని, మాగాయ నంజుకుని తిన్నాడు. ఉప్మా కొంచెం ఉండకట్టింది గాని మాడలేదు. భార్య సునంద పోయిన ఈ రెండేళ్లలో, మాడని ఉప్మాను ఆయన మంచి శకునంగా లెక్కవేసుకుంటున్నాడు. బస్సులో కిటికీ పక్క సీటు, అదీ ఎండ పడే వైపు, దొరికింది. ఆ రోజుకు ఆయన పథకం చిన్నది. పదింటికి ఒక ధ్రువపత్రం మీద సంతకం పెట్టాలి. ఐదింటికి ఆఫీసు వార్షికోత్సవంలో కూర్చుని కూతురి పాట వినాలి.

కూతురు స్నిగ్ధ గ్రేటర్ నోయిడాలో ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం చదువుతోంది. తల్లి పోయాక పాట మానేసింది. ఇంటికి వచ్చినా "తిన్నావా?", "ఊఁ" దాటి మాటలు సాగేవి కావు. దసరాకు వచ్చినప్పుడు అటక మీది పాత టేపురికార్డరూ, బూట్ల పెట్టెలో ఉన్న కేసెట్లూ అడక్కుండానే హాస్టలుకు పట్టుకుపోయింది. పది రోజుల కిందట తానే ఫోన్ చేసి, "నాన్నా, మీ ఆఫీస్ ఫంక్షన్‌లో స్టాఫ్ పిల్లలు పాడొచ్చు కదా? మా బ్యాండ్‌తో నేను పాడతా. మీరు వినాలి, బస్, అంతే" అంది. ఆ ఒక్క పాట ఆగకుండా చూడటం కంటే పెద్ద పని ఉమాశంకర్‌కు ఈ లోకంలో లేదు.

ధ్రువపత్రానికి ఒక కారణం ఉంది. కిందటేడు నాటికలో ఎవరో అప్పటి డైరెక్టరు నడకను అనుకరించారు. అప్పటినుంచి వేదిక ఎక్కే ప్రతి మాటకూ ఆధారం చూపి, కింద ఉద్యోగి సంతకం పెట్టాలని నియమం పెట్టారు. స్నిగ్ధ బృందం పాటేమో అంతా అతుకులు. రేడియోలో క్రికెట్ వ్యాఖ్యానం ఒక ముక్క, పళ్లపొడి ప్రకటన వరస కొంచెం, కండక్టరు ఈల, ఇంకా ఎక్కడెక్కడివో కత్తిరించి చరణాల మధ్య దాచారు. వాటన్నిటినీ ఏడు గడుల పట్టికగా రాసి పంపాడు బృంద నాయకుడు పృథ్వీరాజ్. ఆరో గడిలో "ఇనుప చప్పుడు, ఆధారం: ఇల్లు" అని ఉంది. ఏడో గడిలో ఒక సంభాషణ ఉంది. దాని ఆధారం చోటు ఖాళీ.

కొత్త డైరెక్టరు జనార్దనరావు ఢిల్లీలో పుట్టి పెరిగిన తెలుగువాడు. తెలుగు వస్తుంది, చదవడం రాదు. అందుకని పట్టిక అంతా ఇంగ్లీషులో ఉండాల్సి వచ్చింది. ప్రభుత్వ కార్యాలయం కదా అని పృథ్వీరాజ్ తనకు తెలిసిన అతి బరువైన ఇంగ్లీషు వాడాడు. ఏడో గడిలోని మాట "తలుపునకు గడియ వేయబడినదా? దయచేసి పునఃపరిశీలించగలరు" అన్న ధోరణిలో తయారైంది.

ఇంటి నుంచి బయలుదేరే ముందే ఉమాశంకర్ కూతురికి ఫోన్ చేశాడు. "ఏడో దానికి ఆధారం ఏం రాయనమ్మా?"

"అది సస్పెన్స్ నాన్నా. స్టేజ్ మీదే వినాలి. ఖాళీగా వదిలేయండి, ప్లీజ్ నా!"

ఆయన ఖాళీగా వదిలేసి సంతకం పెట్టాడు.

పదిన్నరకు డైరెక్టరు పిలిచాడు. ఉమాశంకర్ లోపలికి వెళ్లగానే ఆయనే లేచి గది తలుపు వేశాడు.

"ఉమాశంకర్ గారూ, యే క్యా హై? ఏడో లైన్ ఎవరు రాశారు?"

అప్పుడు గాని ఉమాశంకర్‌కు వెలగలేదు. ఆగస్టులో ఒక ఉదయం రికార్డు గది బార్లా తెరిచి కనిపించింది. ఒక ఫైలు మాయమైంది. ముందు రోజు సాయంత్రం ఆ గదిలోంచి ఆఖరున బయటికి వచ్చింది ఎవరో విచారణ నడుస్తోంది. అది ఎవరో ఆఫీసులో అందరికీ తెలుసు. ఆ మనిషే ఇప్పుడు ఎదురుగా డైరెక్టరు కుర్చీలో కూర్చుని, చెమట తుడుచుకుంటున్నాడు.

"పిల్లలకి ఆ సంగతులేం తెలుసండీ? ఏదో పాటలో..."

"ఆల్ ఇండియా పాటల్లో వేరే తలుపే దొరకలేదా మీ అమ్మాయికి? రెండు వందల మంది ముందు నన్ను అడిగిస్తారా, గడియ వేశావా అని? నాలుగు గంటల్లోపు దీనికి ఆధారం ఫైల్లో ఉండాలి. లేదంటే పాట కట్. ఇంకో నాలుగు నెలల్లో రిటైర్ అవుతున్నారు మీరు. విచారణలో మీ పేరు కూడా చేరడం నాకిష్టం లేదు."

ఉమాశంకర్ బయటికి వచ్చి స్నిగ్ధ సెల్లుకు చేశాడు. స్విచ్చాఫ్. హాస్టలుకు చేస్తే, పిల్లలు సామాను సర్దుకోవడానికి కాలేజీకి వెళ్లారు, అటునుంచి అటే బస్సెక్కుతారు అన్నారు. పన్నెండయింది. ఒంటిగంట అయింది. భోజనం డబ్బా మూత తీసి మళ్లీ మూసేశాడు.

పక్క బల్ల దగ్గర అసిస్టెంటు అన్నపూర్ణేశ్వరి అంతా చూస్తూనే ఉంది. ఆమెది సిద్దిపేట. "ఏంది సార్, గంత పరేషాన్ అయితున్నరు? సినిమా డైలాగని రాసి పడేయుండ్రి. తలుపులు లేని సినిమా ఎక్కడన్న ఉంటదా?"

"అబద్ధం కదమ్మా."

"అబద్ధమెట్లయితది? ఏదో ఒక సినిమాల ఉండే ఉంటది. మనం చూడలే, గంతే."

ముప్ఫై నాలుగేళ్ల సర్వీసులో ఉమాశంకర్ ఎన్నడూ ఫైల్లో తప్పు రాయలేదు. కళ్లు మూసుకుని, "ఒక పాత తెలుగు సినిమాలోని సంభాషణ" అని ఇంగ్లీషులో రాశాడు.

డైరెక్టరు చదివి కళ్లద్దాలు పైకి నెట్టాడు. "అచ్ఛా, సినిమానా! ఏ సినిమా?"

"పేరు... గుర్తు రావడం లేదండీ. బాగా పాతది."

"సదాశివరావుగారికి తెలియనిది ఉండదు" అని అప్పటికప్పుడు ఫోన్ కలిపి, ఇద్దరికీ వినిపించేలా స్పీకర్ నొక్కి, ఏడో గడిలోని మాట తెలుగు చేసి చెప్పాడు. సదాశివరావు తెలుగు సంఘం పెద్ద. పాత సినిమాల విషయంలో ఢిల్లీలో ఆయన మాటే చివరి మాట. తనకు తెలియదు అన్న మాట ఆయన నోట ఇంతవరకు ఎవరూ వినలేదు.

ఉమాశంకర్ తన సర్వీసు ఇక్కడే ముగిసిందనుకున్నాడు.

"గడియ వేశారా... ఇంకోసారి చూడండి..." అవతల సదాశివరావు గొంతు ఒక్క క్షణం ఆగింది. "ఆఁ! ఎందుకు తెలీదండీ! నలుపు తెలుపు చిత్రం. బయట హోరున వాన. లోపల నాయిక. భర్తని అడుగుతుంది ఆ మాట. అబ్బ, హాల్లో ఏడవని వాడు లేడనుకోండి!"

"పేరేంటండీ?"

"పేరు నాలిక చివర ఆడుతోంది. సాయంత్రానికి వచ్చేస్తుంది."

"అయితే మీరూ వచ్చేయండి! పాటకి ముందు స్టేజ్ మీద ఆ సీను చెప్పాలి. నా మీద ఎవరికీ డౌట్ రాకూడదు కదా" అని డైరెక్టరు ఫైలు మీద సంతకం గిలికేశాడు. ఉమాశంకర్ వైపు తిరిగి, "సినిమా అయితే ఠీక్ హై. ఇంకేదైనా అయితే మాత్రం మిమ్మల్ని నేను కాపాడలేను" అన్నాడు.

లేని సినిమాకు ఇప్పుడు వానా, నాయికా, ఒక వక్తా సమకూరారు.

పిల్లల బస్సు నోయిడా దాటేచోట ట్రాఫిక్‌లో ఇరుక్కుంది. ఐదుంపావుకు వాళ్లు వచ్చేసరికి కార్యక్రమం మొదలైపోయింది. ఉమాశంకర్ పక్క ద్వారం దగ్గరికి పరుగెత్తబోతే ఎవరో ఆయన చేతుల్లో ముఖ్య అతిథికి ఇవ్వాల్సిన మూడు పూలగుత్తులు పెట్టారు. వాటి చాటునుంచే కూతురికి వద్దు, వద్దు అని తల అడ్డంగా ఊపాడు. స్నిగ్ధ ఆ ఊపుడు చూసి, తండ్రి ఉత్సాహపడుతున్నాడనుకుని బొటనవేలు ఎత్తి చూపించింది.

సదాశివరావు మైకు పట్టుకున్నాడు. ఐదు నిమిషాలన్నవాడు పన్నెండు నిమిషాలు మాట్లాడాడు. వాన పెంచాడు. నాయికకు దగ్గు తెప్పించాడు. చివర్లో తానే కళ్లు తుడుచుకున్నాడు. ముందు వరసలో డైరెక్టరు భార్య కూడా తుడుచుకుంది.

పాట మొదలైంది. ముందు తాళం ఒక్కటే. టక్... టటక్. టక్... టటక్. ఇనుప చప్పుడు.

ఉమాశంకర్ చేతుల్లోంచి ఒక పూలగుత్తి జారింది. రామకృష్ణాపురం క్వార్టర్లో వాళ్ల వీధి తలుపు చెక్క ఉబ్బి, గడియ ఒక్కసారికి పడదు. మొదట టక్, తర్వాత రెండోసారి లాగితే టటక్. ఇరవై ఏళ్లుగా ప్రతి రాత్రీ విన్న చప్పుడు విషయంలో ఆయన పొరబడడు.

స్నిగ్ధ పాడింది. కండక్టరు ఈల దగ్గర కుర్రాళ్లు గోల చేశారు, క్రికెట్ దగ్గర పెద్దవాళ్లు నవ్వారు. రెండో చరణం అయ్యాక వాద్యాలన్నీ ఒక్కసారిగా ఆగాయి. పాత టేపు సర్రుమంది. అందులోంచి ఒక ఆడగొంతు, కొంచెం నిద్రమత్తుగా:

"ఏవండీ, గడియ వేశారా?"

ఆ వెనకే ఒక మగగొంతు: "వేశానే తల్లీ, పడుకో."

"ఇంకోసారి చూడండి."

చెప్పుల చప్పుడు. విసుగ్గా ఒక నిట్టూర్పు. టక్... టటక్. ఆ చప్పుడు మీదే తాళం మళ్లీ అందుకుంది. హాలు గొల్లున నవ్వింది. ఆ మగగొంతు ఆఫీసులో ప్రతివాడికీ తెలిసిందే. అన్నపూర్ణేశ్వరి మాత్రం నవ్వలేదు. కింద పడ్డ పూలగుత్తి తీసి ఉమాశంకర్ చేతిలో పెట్టి, మొహం కనబడకుండా దాన్ని కొంచెం పైకి జరిపింది.

పాట అయిపోగానే స్నిగ్ధ ఆయన దగ్గరికి వచ్చింది. "అమ్మ నా పాట రికార్డ్ చేసి స్టాప్ నొక్కడం మర్చిపోయింది నాన్నా. కేసెట్ అలాగే తిరిగింది. చివర్లో మీరిద్దరూ ఉన్నారు." ఆయన కూతురి తల మీద చెయ్యి పెట్టాడు. ఆమె ఆ చెయ్యి తీసేయలేదు.

వెనక డైరెక్టరు నిలబడి ఉన్నాడు. చంకలో ఫైలు ఉంది.

"ఆ ఆడగొంతు?"

"మా ఆవిడదండీ."

"మరి సినిమా?"

"అబద్ధమండీ. నేనే రాశాను. మీరు ఏ చర్య తీసుకున్నా..."

"మగగొంతు ఎవరిదో అడగను లెండి. లీవ్ అడిగేటప్పుడు కూడా అదే గొంతు." జనార్దనరావు నవ్వాడు. తర్వాత నవ్వలేదు. "ఆగస్టులో ఆ సాయంత్రం నన్ను కూడా ఎవరైనా అలా అడిగి ఉంటే బాగుండేది. గడియ వేయడం మర్చిపోయింది నేనేనని సోమవారం విచారణలో చెప్పేస్తాను. దాచడం అలసటగా ఉంది."

అంతలో సదాశివరావు వాళ్ల మధ్యకు దూరాడు. "చూశారా? నే చెప్పలా! అచ్చం ఆ నాయిక గొంతే!"

ఆయన వెళ్లాక ఉమాశంకర్ మెల్లగా అడిగాడు. "ఫైల్లో ఆ ఆధారం దిద్దమంటారా సార్?"

"నహీ నహీ. దిద్దితే ఎందుకు దిద్దామో ఇంకో కమిటీ వెయ్యాలి."

జనం వెళ్లిపోయారు. జనార్దనరావు తానే ఆ ఫైలు తీసుకెళ్లి రికార్డు గదిలో బీరువాలో పెట్టాడు. దీపం ఆర్పి, తలుపు చప్పుడు కాకుండా మూసి, గడియ వేశాడు. నాలుగడుగులు వేసి ఆగాడు. ఎవరూ అడక్కుండానే వెనక్కి వెళ్లి ఇంకోసారి లాగి చూశాడు.

లోపల, ఏడో గడిలో, సునంద ఇప్పటికీ ఒక పాత సినిమాలో నాయిక.