బదులుకు వచ్చిన మహానగరం

“ఇకమీదట మహానగరానికి అంచులు లేవు! అడవి దాకా నగరమే! నగరం దాకా మీరే!” అని జీపు మీది మైకు చాటి వెళ్ళిన వారానికి, ములకలపల్లి అవతల అడవి పల్లెలో కొండమ్మ సంచి సర్దుతోంది. యూరియా బస్తా ఉతికి తనే కుట్టిన సంచి అది. అంచులు లేని నగరానికి ఆమె మొగుడు పగిడయ్య తెల్లవారితే ప్రయాణం.

లుంగీ, తువ్వాలు, వేయించిన ఇప్పపూలు, చింతపండు ఉండ, ఎండుమిరప తొక్కు. పెట్టింది, తీసింది, మళ్ళీ పెట్టింది. సంచి సర్దే మనిషికి ఎప్పుడూ ఏదో మరిచిపోయినట్టే ఉంటుంది. ఆ మరిచింది ఏమిటో, వెళ్ళే మనిషి మలుపు తిరిగాక గాని గుర్తుకు రాదు.

“పార ఎందుకయ్యా సంచికి కడుతున్నవ్? పట్నంల పారలుండయా?”

“బదులుకు పోయేటోడు పార తీస్కపోకుంటే నవ్వరానే? అన్నం వాళ్ళు పెడ్తరు. పార మనది ఉండాలె గద!”

ఆ ఊళ్ళో నాట్లకు కూలికి పిలిచే అలవాటు లేదు. బదులుకు పిలుస్తారు. ఇవాళ నువ్వు నా మడిలో వంగితే, రేపు నేను నీ మడిలో వంగుతాను. పనిముట్టు వచ్చినవాళ్ళది, అన్నం పిలిచినవాళ్ళది. కాలికి బురద అంటి, విస్తరిలో మెతుకు పడిందంటే బదులు పడ్డట్టే. ఒక ఏడు పక్క తండా పూల్‌సింగ్ వాళ్ళ అత్త కొండమ్మ మడిలో దిగి పిడికెడు నారు నాటిందో లేదో, పెద్దవాన పట్టుకుంది. ఆమె చక్కగా అన్నం తిని తండాకు పోయింది. మర్నాడు కొండమ్మ ఆమె మడిలో పొద్దుగూకేదాకా వంగింది. ఇదేమని ఎవరూ అనలేదు.

ఇంత అడవి ఆచారం మహానగరానికి ఎలా అంటుకుందంటే, దానికి కారకులు ఆ జీపులో వచ్చిన వెంకటేశ్వరరావు గారు. ఆయన మహానగర విస్తరణ సమన్వయ సర్వసమైక్యతా మండలిలో అనుసంధానాధికారి. మండలి పేరు ఎంత పొడుగంటే, ఆయన చెప్పడం మొదలుపెట్టినప్పుడు ఎండలో కూర్చున్నవాళ్ళు, పూర్తయ్యేసరికి నీడలో ఉన్నారు!

“పెరిగే బిడ్డకు పాలెలాగో, పెరిగే నగరానికి శ్రమ అలాగ!” అన్నారాయన. “నగరం చుట్టూ పెద్ద రోడ్డు పడుతోంది. మీ శ్రమ నగరానికి ప్రవహిస్తుంది. నగరం అభివృద్ధి మీకు ప్రవహిస్తుంది. దీన్నే ఆర్థిక సమైక్యత అంటారు!”

ఊళ్ళో అందరికంటే పెద్దది భీమక్క. ఆమె చెయ్యి ఎత్తింది. “అంటే బదులా సారూ?”

సారు డ్రైవరు వంక చూశారు. డ్రైవరు ముదిగొండ దిక్కు రైతుబిడ్డ. చెవిలో ఏదో ఊదాడు. సారు మొహం వెలిగిపోయింది.

“కరెక్ట్! బదులే! ఎంత బాగా పట్టుకున్నావమ్మా!”

“మా మనుషులు మీ పనికొస్తే, మీ మనుషులు మా నాట్లకొస్తరా?”

“ఎందుకు రారు? నగరం మాటిచ్చిందంటే ఇచ్చినట్టే!”

చప్పట్లు మోగాయి. కొండమ్మ ఒక్కతే చప్పట్లు కొట్టలేదు. జీపుకు తగిలించిన పటం దగ్గర నిలబడి చూస్తోంది. మధ్యలో సూర్యుడిలా పట్నం. చుట్టూ ఊళ్ళు. ప్రతి ఊరి నుంచీ పట్నానికి ఒక ఎర్రటి బాణం.

“సారూ, ఈ బాణాలకు ములుకులు ఒక్క దిక్కే ఉన్నయేంది?”

“అది మొదటి ముద్రణ అమ్మా. రెండో ముద్రణలో ఇటువైపు కూడా వస్తాయి.”

“బాణం మాకు తెలుసు సారూ. ఏసినంక అదే తిరిగి రాదు. పోయి ఎతుక్కోని తెచ్చుకోవాలె.”

సారు నవ్వారు. జనం నవ్వారు. పగిడయ్య కూడా నవ్వి, అందరికంటే ముందు పేరిచ్చాడు! అతని మడికి నాట్లప్పుడు ఎప్పుడూ చేతులు చాలవు. ఇద్దరే మనుషులు, పిల్లా జెల్లా లేరు. పట్నమంత ఇంటితో బదులు పెట్టుకుంటే ఇక లోటేముంది?

“నాట్లకు వస్త కొండీ,” అన్నాడు తెల్లవారి లారీ ఎక్కుతూ. “ఒక్కన్ని రాను. పట్నాన్ని తోల్కస్త. నువ్వు నారు పోసి ఉంచు.”

లారీ మలుపు తిరిగాక ఆమెకు గుర్తొచ్చింది. దుప్పటి పెట్టలేదు.

వాన పడింది. కొండమ్మ నారు పోసింది. పగిడయ్య వచ్చిన రోజు కోయడానికని ఒక పుంజును గంప కింద మేపింది. ములకలపల్లి పోయి, రూపాయి ఫోను డబ్బాలోంచి, లారీ వెంట వచ్చిన మేస్త్రీ సెల్లుకు కొట్టించింది. ఎవరో ఆడమనిషి, చందాదారు ప్రస్తుతం అందుబాటులో లేరని చెప్పింది. లేడన్న మాటను అంత మర్యాదగా చెప్పగలిగేది పట్నం ఒక్కటే!

నారు జానెడు లేచేసరికి పూల్‌సింగ్ వచ్చాడు. పగిడయ్యతో పాటు అదే లారీలో పోయినవాడు. పక్కటెముకలు కనిపిస్తున్నాయి.

“మీ అన్న ఏడిరా?”

“పగిడన్ననా అక్కా... పట్నం చేరినంక మమ్ముల ఇడదీసి రెండు లారీలల్ల ఎక్కిచ్చిన్రు. నాకు జెరమొచ్చిందని నన్ను దించేసిన్రు. ఆయన లారీ ఇంకో సైటుకు పోయింది.”

“ఏ సైటు?”

“రోడ్డు ఎటు పోతే అటే. పట్నం ఎటు పెరుగుతదో మేస్త్రీకే తెల్వది అక్కా!”

“అన్నం మంచిగ పెడ్తున్నరా?”

పూల్‌సింగ్ ఆమె వంక వింతగా చూశాడు. “అన్నమా? పార మనదే, బియ్యం మనయే, రోగం మనదే. తవ్విన గుంట ఒక్కటే వాళ్ళది.”

బదులుకు పిలిచి అన్నం పెట్టకపోవడం ఆ చుట్టుపక్కల ఎవరూ వినలేదు. “పెద్ద ఇల్లు గద బిడ్డా, మర్చిపోయి ఉంటరు,” అని భీమక్క సర్దిచెప్పింది. పెద్ద ఇళ్ళ గురించి ఎప్పుడూ ఇలాగే సర్దిచెబుతారు.

శ్రావణం వచ్చింది. నారు ముదిరిపోతోంది. ఇక లాభం లేదని కొండమ్మ ఒక్కతే మడిలో దిగబోతున్న పొద్దున, బాటమీద హారను మోగింది. బస్సు! అద్దాలన్నీ మూసిన చల్లటి బస్సు! ముందు గుడ్డ కట్టి ఉంది: మట్టితో మమేకం, మహానగర సమైక్యతా యాత్ర.

“ఒసేయ్, పట్నమొచ్చింది!” అని భీమక్క కర్ర వదిలేసి పరుగెత్తింది. “బదులుకొచ్చింది!”

కొండమ్మ మెట్టు దగ్గర నిలబడి దిగుతున్న ప్రతి మొహాన్నీ చూసింది. నల్లకళ్ళద్దాల బాబులు దిగారు. మోకాళ్ళ దాకా రబ్బరు జోళ్ళు తొడుక్కున్న అమ్మలు దిగారు. నీళ్ళ సీసాల అట్టపెట్టెలు దిగాయి. పగిడయ్య దిగలేదు.

“వెనక ఇంకో బస్సు ఉన్నదా సారూ?”

“ఇదొక్కటేనమ్మా! నగరంలోని ముఖ్యులంతా ఇందులోనే ఉన్నారు,” అన్నారు వెంకటేశ్వరరావు గారు. “మీ బదులు గురించి నేను సదస్సులో మాట్లాడాను. చప్పట్లు ఆగలేదంటే నమ్ము! శాలువా కప్పారు! దానికి బదులు నమూనా అని పేరు పెట్టారు.” ఆ వెంటనే బస్సు వైపు తిరిగి కేక వేశారు. “సాయంత్రం పర్ణశాల దర్శనం ఉంది, జల్దీ సమైక్యమవ్వండి!”

పట్నం మడిలో దిగింది. దిగినవాళ్ళు సగం, దిగినవాళ్ళను పట్టుకున్నవాళ్ళు సగం. “సుజాతా మేడం, ఇంకాస్త వంగండి, ఫొటోలో బురద పడటం లేదు!” అని ఒకాయన గట్టుమీద నుంచి అరుస్తున్నాడు. వంగిన మేడం ఒక కట్ట మొత్తం ఒకే గుంటలో గుచ్చి, “అయిపోయింది కదా?” అంది. ఇంకొకాయన వేళ్ళు పైకి ఉండేలా నాటి, అవి వేళ్ళని తెలిశాక చాలా ఆశ్చర్యపోయాడు. వాళ్ళు నాటిన మూల నాటినట్టే తేలి, నీళ్ళమీద తిరుగుతోంది.

అయినా అన్నం పిలిచినవాళ్ళది. ఊరి ఆడవాళ్ళంతా తలా ఇంత బియ్యం తెచ్చారు. కొండమ్మ గంప ఎత్తి పుంజును పట్టుకుంది. కాసేపు పట్టుకునే నిలబడింది. తర్వాత కోసింది.

కూర అదిరిపోయిందని పట్నం ఒప్పుకుంది. చేతులు కడిగాక వెంకటేశ్వరరావు గారు పుల్లతో పళ్ళు కుట్టుకుంటూ, సరదాగా అడిగినట్టే అడిగారు.

“భీమక్కా, మీ ఆచారం ఎలా? మా వాళ్ళ కాలికి బురద అంటిందా?”

“అంటింది సారూ.”

“విస్తరిలో మెతుకు పడిందా?”

“పడ్డది.”

“అయితే బస్సెడు మంది! ఇప్పుడు బదులు ఎవరు తీర్చాలి?”

ఆచారం ఆచారమే. “మేమే సారూ,” అంది భీమక్క.

“వచ్చే వారం లారీ వస్తుంది!”

కొండమ్మ ఎంగిలి విస్తళ్ళు కింద పడేసి ముందుకొచ్చింది.

“అదెట్ల సారూ? మా ఆయన ఎండకాలం నుంచి మీ తానే ఉండె. ముందు పోయింది మా బదులు. అది ఇయ్యాల తీరింది. తీరినంక మనిషిని ఇంటికి తోలాలె గద! ఏడి?”

“చూడమ్మా, మీ ఆయన వెళ్ళింది కాంట్రాక్టరు దగ్గరికి. కాంట్రాక్టరు వేరు, మండలి వేరు. మాకూ వాళ్ళకూ ఏ అనుసంధానమూ లేదు!”

అనుసంధానాధికారి గారు ఈ మాటను ఎంత స్పష్టంగా చెప్పారంటే, మైకు కూడా అవసరం లేకపోయింది.

“మరి ఆనాడు బదులని ఒప్పుకున్నదెవరు సారూ?”

“అది సమైక్యత. ఇది కూలి. ఆ రెండూ కలపకూడదు తల్లీ!”

బస్సు అద్దాలు మూసుకుంది. పర్ణశాలలో దర్శనం బాగా జరిగిందని తర్వాత తెలిసింది.

తేలిన నారంతా ఏరి, ఊరి ఆడవాళ్ళు మళ్ళీ నాటారు. చెప్పిన మాట ప్రకారం లారీ వచ్చింది. పట్నం తప్పకుండా నిలబెట్టుకునే మాటలు కొన్ని ఉంటాయి. కొండమ్మ ఇంకో యూరియా బస్తా ఉతికి, ఇంకో సంచి కుట్టింది. ఈసారి అన్నిటికంటే ముందు దుప్పటి పెట్టింది.

“నువ్వెందుకే పిల్లా? ఒంటిదానివి,” అంది భీమక్క.

“ఏసిన బాణం ఎతుక్కోవాలె గద అత్తా.”

పట్నం ఎటు పెరిగితే అటు తిరిగింది కొండమ్మ. తవ్విన ప్రతి గుంట దగ్గరా అడిగింది. మేస్త్రీలు మారారు. పేర్లు ఎవరికీ తెలియవు. ఒకచోట తెలుగు రాని మనిషి చేతిలో పార కనిపించింది. పిడి చివర పగిడయ్య నిప్పుకణికతో కాల్చి పెట్టిన గీతలున్నాయి. ఇది ఎవరిచ్చారని సైగ చేసి అడిగితే, అతను మట్టికుప్ప వైపు చూపించాడు. అక్కడ దొరికిందట. పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా అతని వాటా కొండమ్మ తవ్వింది. అతను పార ఇచ్చేశాడు. ఆ మహానగరంలో ఆమెకు సరిగ్గా తీరిన బదులు అదొక్కటే.

కోతలకు కొండమ్మ వచ్చింది, పార వచ్చింది. అప్పటికి ఊరి మొదట్లో ఒక బోర్డు పాతి ఉంది: మహానగరంతో సంపూర్ణంగా సమైక్యమైన గ్రామం. బాణం గుర్తు కూడా వేశారు. పట్నం దిక్కుకే.

పగిడయ్య రెండు వేల ఏడు మే నెలలో లారీ ఎక్కి పట్నం పోయాడు. ఆ ఏటి నాట్లకు రాలేదు. కోతలకు రాలేదు. ఆ తర్వాత రాలేదు.