అనుమతి ఉన్న అరుపు

రంగూన్‌లోని తెలుగు జంతువులకు మంచి రోజులు వచ్చాయని పేరుకి ముందు శ్రీ బదులు బర్మా వాళ్ళ 'ఊ' పెట్టుకున్న సంఘాధ్యక్షులు ఊ వాసుదేవరావు గారు ప్రకటించారు. ప్రకటన బర్మీస్‌లో జరిగింది. అందరికీ అర్థం కావాలని వారి పట్టుదల. ఆ అందరిలో వారూ ఒకరు.

అంతకుముందు ఆదివారం వారు సంఘం హాల్లో తెలుగు క్లాసుని తనిఖీ చేశారు. కుక్క ఏమంటుందని అడిగితే పిల్లలు ముక్తకంఠంతో "వొక్ వొక్" అన్నారు. కాకి "ఆఁ ఆఁ" అంది. కోడి "ఔక్ ఈ ఈ ఔట్" అని కూసింది. అన్నీ బర్మా అరుపులే. అధ్యక్షులవారి కళ్ళు చెమ్మగిల్లాయి. తాతలు ఓడెక్కి తెచ్చిన భాష చివరికి నోరులేని జీవాల నోట్లో కూడా మిగల్లేదని బర్మీస్‌లో బాధపడ్డారు.

క్లాసు నడిపేది ప్రమోద. వారమంతా చౌక్తడాలో ఒక షిప్పింగ్ ఆఫీసులో గుమాస్తా, ఆదివారం పూట పంతులమ్మ. ఆమెకి జంతువుల సంగతి ఎలా ఉన్నా, క్లాసుకి వార్డు ఆఫీసు ఏటా ఇచ్చే పర్మిట్ కావాలి. అది నెలాఖరుకి తీరిపోతోంది. పర్మిట్ లేకపోతే హాలుకి తాళం పడుతుంది. ఆ తర్వాత పిల్లలకి తెలుగు వినపడేది అమ్మమ్మ తిట్టినప్పుడే.

"సయామా," అన్నారు అధ్యక్షులు. ఆ ఊళ్ళో పంతులమ్మని అలాగే పిలుస్తారు. "వార్షికోత్సవం పిల్లలు జంతువులు వేస్తాడు. అచ్చ తెలుగు అరుస్తాడు. విశాకపట్నం రాజమోహన్ గారు వస్తాను. నాకు భాషా సింహం బిరుదు ఇస్తాను."

వారి తెలుగులో కర్తకీ క్రియకీ చాలాకాలంగా మాటల్లేవు.

"అలాగేనండి. పర్మిట్ మాటేటి మరి?"

"నేను చూస్తాడు," అని అభయమిచ్చారు.

చూశారు కూడా. వేదిక మీద పలికే ప్రతి మాటకీ బర్మీస్ అర్థం రాసివ్వాలని ఆఫీసువాళ్ళు అడిగితే, వారు ప్రమోదని కష్టపెట్టకుండా అరుపులన్నీ తన ఫోన్‌కే అప్పజెప్పారు. ఫోను పాపం తెలియదని చెప్పే రకం కాదు. ఇచ్చిన అర్థాలన్నీ ఇచ్చినట్టే కాగితానికెక్కాయి.

వార్డు ఆఫీసరు ఊ తాన్ వే మర్యాదస్తుడు. ఇద్దరికీ టీ ఇప్పించి, లిస్టు ముందు పెట్టుకున్నాడు.

"మీ కాకి కావు కావు అంటోంది. ఏవి కావు?"

"అది ఉట్టి అరుపండి. దానికి అర్థం లేదు," అంది ప్రమోద.

"అర్థం మీ అధ్యక్షులే రాశారు. మా కాకులూ అరుస్తాయి. ఆఁ అని నోరు తెరుస్తాయి తప్ప అభిప్రాయాలు చెప్పవు." కాకిని కొట్టేశాడు. "మీ మేక మే మే అంటోంది. మీ భాషలో 'మేము మాత్రమే' అని రాశారు. మా భాషలో వింటే 'అమ్మా' అని వినిపిస్తుంది. ఇక్కడ జనం అమ్మ అని పిలిచే ఆవిడ జైల్లో ఉంది. రెండూ ఈ రోజుల్లో గట్టిగా అనే మాటలు కావు."

మేక పోయింది. అంబా అంటే అదీ అమ్మే కాబట్టి ఆవు దాని వెనకే వెళ్ళింది.

"కోడి దేనికి కూస్తుంది?"

"జనాన్ని నిద్ర లేపడానికండి," అన్నారు అధ్యక్షులు ఉత్సాహంగా.

"లేచి ఏం చేస్తారు?"

అధ్యక్షులు టీ కప్పు అందుకున్నారు. కోడి పోయింది. కప్ప ఒంటరిగా అరుస్తుందా గుంపుగానా అని ఆఫీసరు అడిగితే, వారు నిజాయితీపరులు గనక గుంపుగానే అన్నారు. కప్పా పోయింది.

చివరికి కుక్క మిగిలింది.

"బౌ. దీనికి ఫోను ఇచ్చిన అర్థం కూడా బౌ అనే. గేటు దగ్గరుంటుంది, తోక ఊపుతుంది. దీంతో ఇబ్బంది లేదు." ఆఫీసరు టిక్కు పెట్టాడు. "ఉత్సవానికి నేనే వస్తాను. అనుమతి లేని అరుపు వినపడకపోతే క్లాసు పర్మిట్ మీద అక్కడే సంతకం."

దారిలో అధ్యక్షులవారు దిగులుపడతారనుకుంది ప్రమోద. వారు వెలిగిపోతున్నారు. సాయంత్రానికే రెండో ప్రకటన వెలువడింది. ఇకపై తెలుగు జంతువులన్నిటికీ ఒకే గొంతు, ఒకే మాట. ఇంతటి ఐక్యత ఆంధ్రాలో కూడా సాధ్యం కాలేదు.

రిహార్సల్స్‌లో కోడి బౌ అంది, ఆవు బౌ అంది. మేక వేషం పద్మినిది. అహ్లోన్ నుంచి వచ్చే ఆరేళ్ళ పిల్ల. వాళ్ళ అమ్మమ్మ దుర్గాంబ అట్టముక్కలతో కొమ్ములు కుట్టిచ్చింది.

"సయామా, మేక బౌ అంటే అది మేకని ఎవులికి తెలుస్తాది?"

"ఆ ఒక్క రోజుకీ అలాగనీ అమ్మా."

ఆ మాట అన్నందుకు ప్రమోదకి చాలా సిగ్గేసింది. అయినా పిల్ల చేత మరోసారి మొరిగించింది.

ఉత్సవం నాడు హాలు కిటకిటలాడింది. అధ్యక్షులవారు మైకు పట్టుకుని వేదిక మీదే నిలబడ్డారు. ముందు వరసలో రాజమోహన్ గారు బిరుదు శాలువాతో, ఆ పక్కన ఆఫీసరు లిస్టుతో, ఆ పక్కన ప్రమోద ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చున్నారు. కోడి రెక్కలు విదిల్చి మొరిగింది. కాకి మొరిగింది. కప్పలు గుంపు కాకుండా ఒకటి లోపలికెళ్ళాక ఇంకొకటి వచ్చి మొరిగాయి. రాజమోహన్ గారు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు.

పద్మిని వచ్చింది. జనంలో అమ్మమ్మ చెయ్యి ఊపడం చూసింది. చూసి నవ్వింది.

"మే... మే," అంది.

ఆఫీసరు కలం ఆగిపోయింది. పర్మిట్ గంగలో కలిసినట్టేనని ప్రమోద అనుకుంది.

రాజమోహన్ గారు మాత్రం ఆనందం పట్టలేక లేచారు. "ఇంతసేపటికి ఒక్క మేక మేకలా అరిచింది. ఈ పాపకి ఇంత చక్కగా నేర్పిందెవరండీ?"

అధ్యక్షులవారికి ఆ తెలుగులో "నేర్పిందెవరు" వరకే అందింది. ఆఫీసరు వైపు చూశారు. నేరం ఎవరిదని ఆరా తీస్తున్నారనుకున్నారు. చేతిలో మైకుందన్న సంగతి కూడా మరిచిపోయి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి మనస్ఫూర్తిగా తెలుగు మాట్లాడారు.

"మేమే కావు. మేమే కావు. మేమే కావు."

'మేము కాము' అనాలి అని ప్రమోద మనసు అలవాటుకొద్దీ దిద్దింది. లౌడ్‌స్పీకరు దిద్దకుండానే వీధి చివరిదాకా వినిపించింది.

ఆఫీసరు లిస్టు తిరగేశాడు. మేక దగ్గర ఒకసారి, కాకి దగ్గర ఒకసారి వేలు పెట్టి చూసుకున్నాడు. అధ్యక్షులవారిని కొమ్ముల కోసం, రెక్కల కోసం నఖశిఖపర్యంతం వెతికాడు. తర్వాత ప్రమోద వైపు వంగి, మర్యాదగా అడిగాడు.

"ఈయన ఏ జంతువు?"

"సింహమండి. బిరుదు ఇవాళే ఇస్తున్నారు."

"సింహం లిస్టులో లేదే. పిల్లకి ఆ అరుపు అంటించింది ఈయనేనన్నమాట. మీ క్లాసులో నేర్చుకున్నాడా?"

"లేదండి," అంది ప్రమోద. "మా దగ్గర ఎప్పుడూ చదవలేదు."

సబబుగానే తోచింది కాబోలు, ఆఫీసరు క్లాసు పర్మిట్ మోకాలి మీద పెట్టుకుని సంతకం చేసి ఆమె చేతికిచ్చాడు. వేదిక మీద రాజమోహన్ గారు శాలువా కప్పుతున్నారు.

"రేపు పొద్దున సింహాన్ని ఆఫీసుకి రమ్మనండి," అన్నాడు ఆఫీసరు లేస్తూ. "అర్థం రాసుకుని రమ్మనండి."