పెద్దాయనకు అశ్రునివాళి

రంజిత్ అంతటి దొంగను అంకయ్య జమ్మికుంటలో ఇంకొకణ్ణి చూడలేదు. ఆరో తరగతిలో బడి మానేసి, ముప్పై ఏళ్లు గోడల మీదా లారీల మీదా బ్రష్షుతో రాసి బతికినవాడు అంకయ్య. ఫ్లెక్సీ దుకాణం రంజిత్ అతనితో అక్షరాలన్నీ, గుణింతాలూ ఒత్తులతో సహా, కాగితాల మీద రాయించుకుని కంప్యూటర్లోకి ఎక్కించాడు. 'అంకయ్య ఫాంటు' అని పేరు కూడా పెట్టాడు. పదిహేను వేలు ఇస్తానన్నాడు. రెండేళ్లయింది, రూపాయి ఇవ్వలేదు. పెళ్లి కార్డు నుంచి మటన్ కొట్టు దాకా ఊరంతా అంకయ్య రాతే, అంకయ్యకు మాత్రం పని లేదు.

ఆ పొద్దున ఉతికిన చొక్కా తొడుక్కుని, "పైసలు దేకుంట ఇంటికి రాను" అని భార్య సారక్కకు చెప్పి బయలుదేరాడు.

పత్తి మార్కెట్ గేటు దగ్గర గుంపు. పైన కొత్త ఫ్లెక్సీ. అందులో రైతుల పత్తి అమ్మిపెట్టే అడ్తిదారు రాయమల్లు నల్లద్దాలు పెట్టుకుని నవ్వుతున్నాడు. కింద 'శ్రీ శ్రీ శ్రీ పెద్దాయనకు అశ్రునివాళి'. తండ్రి పోయి ఏడాదైందని రాయమల్లు తన ఫోటో, తండ్రి ఫోటో రెండూ పంపాడు. పోయిందెవరో రంజిత్ అడగలేదు.

అప్పటికే హమాలీలు మూటలు దించి రెండు నిమిషాలు మౌనం పాటించారు. ఎవరికోసమో తెలియకపోయినా రాయమల్లు కూడా వాళ్లతో పాటు కళ్లు మూసుకుని నిలబడ్డాడు. కళ్లు తెరిచేసరికి ఫోనులో ఆ ఫ్లెక్సీ చూసి సుల్తానాబాద్ నుంచి వచ్చిన అతని అక్క గుండెలు బాదుకుంటూ ఆటో దిగింది. వెనకే డప్పులవాళ్లు.

"గీ రాత ఎవలిదిర?" అన్నాడు రాయమల్లు పైకి చూసి.

"అంకయ్యది సేటు. గా శ్రీ తోక జూస్తె ఎరుకైతలేదా?" అన్నాడు హమాలీ హనుమండ్లు.

అప్పుడే వచ్చిన అంకయ్య కాలరు రాయమల్లు చేతికి చిక్కింది. "నన్ను రాసి సంపుతవా?"

"నేను రాయలే సేటు, కంప్యూటర్ రాసింది."

"కంప్యూటర్‌కు నీ చెయ్యి మొల్చిందా? రాసినోడే డప్పు కూలి కట్టాలె. మల్ల గీ మార్కెట్ గోడలకు బ్రష్షు వెట్టనియ్య."

ఎప్పుడైనా పని దొరికితే అంకయ్యకు ఆ గోడల మీదే. సుద్దముక్క తీసుకుని గేటు పక్కన ఐదుసార్లు శ్రీ రాశాడు. ఒకదాని తోక పొడుగు, ఒకదానిది పొట్టి, ఒకటి పక్కకు తిరిగింది.

"మనిషి చెయ్యి రెండుసార్లు ఒక్క తీర్గ రాయది సేటు. గా మూడు శ్రీలు జూడు, ఎంట్రుకంత తేడా లేదు. గిది నా రాతనే కాదు."

రాయమల్లు అద్దాలు తీసి చూశాడు. "నిజమే. గిది నీది గాదు." అందరూ తలలూపారు.

పిలిపిస్తే రంజిత్ వచ్చి జరిగిందంతా విన్నాడు. డప్పు కూలి ఎనిమిది వందలు నవ్వుతూ కట్టాడు. కొత్త ఫ్లెక్సీ ఉత్తగనే ఇస్తానన్నాడు. తర్వాత అంకయ్య భుజం మీద చెయ్యేశాడు.

"కాకా, నీ రాత గాదని పది మంది ముంగట నువ్వే అంటివి. ఇగ నేను నీకేం ఇచ్చుడున్నది?"

"నాయమే," అన్నాడు హనుమండ్లు.

మధ్యాహ్నానికి రాయమల్లు తండ్రి ఫోటోతో కొత్త ఫ్లెక్సీ లేచింది. అవే మూడు శ్రీలు, అవే తోకలు. కింద నిలబడ్డ అంకయ్యకు పోయింది అక్షరాలా పదిహేను వేల రూపాయలు.