గోడెక్కిన గొంగడి

మర్రిగూడ మండలం గర్వించదగ్గ ఆధునిక చిత్రకారుడు గిరి కొత్త కళాఖండాన్ని హైదరాబాదులో ఆవిష్కరిస్తున్నారని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. అది ఆయన తండ్రి మల్లప్ప గొంగడి. వేసవిలో ఊరికొచ్చి దండెం మీది నుంచి పట్టుకుపోయారు. ఈ సంతోషకరమైన సంగతి మల్లప్పకు తెలియజేయడం మాత్రం అందరూ మరిచిపోయారు.

గిరి మొదట్లో రంగులతో గొర్రెల బొమ్మలు వేసేవాడు. అవి అచ్చం గొర్రెల్లాగే ఉండడంతో ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత గొర్రెబొచ్చు అంటించాడు, పత్రికలో ఫొటో పడింది. పెంటికలు అంటించాడు, విదేశాలకు పిలిచారు. గొర్రె వెనకవైపుకు చేరుకున్నకొద్దీ ఆయన ముందుకు పోయాడు. ఇక మిగిలింది కాపరి వీపు మీది గొంగడే.

మృగశిర కార్తె వచ్చింది. ఎరువుల సంచి కప్పుకుని మంద వెంట మూడు రోజులు తడిసిన మల్లప్పకు ఒళ్లు మండింది. పత్రికలో తన గొంగడి ఫొటో కనబడగానే గొర్రెలను భార్య బీరమ్మకు అప్పజెప్పి హైదరాబాదు బస్సెక్కాడు.

ప్రదర్శన హాల్లో ఏసీ గజగజ వణికిస్తోంది. గొంగడి తెల్లగోడకు మేకు మీద వేలాడుతోంది. కింద 'చలి' అని పేరు. "ఇది చిరుగు కాదు, ఒక జాతి నిట్టూర్పు!" అని అధ్యక్షులవారు శాలువా సర్దుకుంటూ కన్నీళ్లు తుడుచుకున్నారు.

"నిట్టూర్పేంది సారూ? పొట్టేలు కొమ్ముకు తట్టుకొని సినిగింది," అన్నాడు మల్లప్ప. సభ చప్పట్లతో మారుమోగింది.

మల్లప్ప నేరుగా వెళ్లి గొంగడి దించి, తల మీదుగా కప్పుకున్నాడు. పాత ఉన్ని వాసన తగలగానే ప్రాణం లేచొచ్చింది. ఇదీ ప్రదర్శనలో భాగమేననుకుని జనం ఫోన్లు పైకెత్తి దారి ఇచ్చారు. గిరి పరుగున వచ్చి చెవిలో గొణిగాడు.

"బాపూ, జర గీ నెల ఆగరాదే. అవార్డిచ్చెటోళ్లు వచ్చిన్రు."

"నేనాగుత బిడ్డా, వాన ఆగుతదా?"

మల్లప్ప బస్సెక్కేదాకా కళాభిమానులు వెంట నడిచారు. బస్సు కదిలితే బస్సుకూ చప్పట్లు కొట్టారు. కాపరి నిజంగానే ఊరికి పోతున్నాడని తెలిసినవాడు గిరి ఒక్కడే. అవార్డు ముఖం చూసి ఆయనా చప్పట్లు కొట్టాడు.

"కళాఖండం తిరిగి ఎప్పుడొస్తుంది?" అని విలేకరులు అడిగారు.

"వానలు తగ్గినంక," అన్నాడు గిరి. కెరీర్ మొత్తంలో ఆయన చెప్పిన ఒకే ఒక్క నిజం అది. మర్నాడు దాన్ని కవిత్వం కింద అచ్చేశారు.

అవార్డు ఒంటరి మేకుకు వచ్చింది. మనలోనూ చాలామందిమి క్యూ కట్టి దాన్ని చూశాం. ఎంత లోతుందో అని తలలూపాం. గోడలోకి అంగుళం దిగి ఉంటుంది.